మా ఊరి లైబ్రరీకి మ్యూజియం వద్దు

మా ఊరి లైబ్రరీని ఖాళీ చేయించి ఆ బిల్డింగును మ్యూజియం చేయాలనే మాట మళ్ళీ లేచింది. ఈసారి గట్టిగానే లేచింది. వాట్సాప్ గ్రూపుల్లో పాత ఫొటోలు తిరుగుతున్నాయి, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించుకుంటున్నారు. ఎవరో రంగుల్లో ఒక నమూనా బొమ్మ కూడా గీయించారు. అందులో కమానుల కింద లైట్లు, ముందర పచ్చగడ్డి, గడ్డి చుట్టూ ఇనుప గొలుసు. మనుషులు మాత్రం ఒక్కరూ లేరు. లైబ్రరీని కూరగాయల మార్కెట్ పక్కన కట్టిన కాంప్లెక్సు రెండో అంతస్తుకు మారుస్తారట.

సంతకం కోసం నా దగ్గరికి వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. ఊరి చరిత్ర అంటే ప్రాణం పెట్టేవాళ్ళే. అందులో ఇద్దరు నాకు బడిలో పాఠాలు చెప్పిన సార్లు. మొహం మీద కాదనలేక "చూసి చెప్తాను సార్" అన్నాను. చూశాను. పెట్టను. ఎందుకు పెట్టనో ఫోన్లో రెండు ముక్కల్లో చెప్తే వాళ్ళకు కోపం తప్ప ఏమీ మిగలదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

హనుమకొండలో బస్సెక్కితే మా ఊరు గంటన్నర. లైబ్రరీ ఉన్నది నిజాం కాలం నాటి తాలూకా కచేరీలో. మూరెడుకు పైనే మందమున్న గోడలు, ముందు కమానుల వసారా, షాబాద్ బండల నేల. లోపలి పెద్ద గది పైకప్పు ఎంత ఎత్తంటే, ఫ్యాను గాలి కింది దాకా రావాలని పొడుగు పైపు వేసి దింపారు. మే నెలలో బయట రోడ్డు మీద కాలు పెట్టలేనప్పుడు కూడా ఆ గదిలో కూర్చోవచ్చు. కూలర్ అక్కర్లేదు.

"మన చారిత్రక గ్రంథాలయ భవనం" అని కరపత్రంలో వేశారు గాని, ఆ బిల్డింగు చాలా కాలం లైబ్రరీ కాదు. అసలు చదువు రానివాళ్ళను భయపెట్టిన చోటు అది. నిజాం రాజ్యంలో పాలనా భాష ఉర్దూ. భూమి కాగితం ఉర్దూలో, నోటీసు ఉర్దూలో, కోర్టు తీర్పు ఉర్దూలో. రైతు మాట్లాడేది తెలుగు. మా తాతకు చెలక తుకడా ఒకటి తగాదాలో పడి, ఆ కచేరీ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. చేతికిచ్చిన కాగితంలో ఏముందో ఆయనకు తెలియదు. చదివి చెప్పేవాడు ఒకడు బయట వేపచెట్టు కింద కూర్చుని ఉండేవాడట. ఒకరోజు గెలిచినట్టు చెప్పేవాడు, ఇంకోరోజు ఓడినట్టు చెప్పేవాడు. రెండిటికీ డబ్బులు తీసుకునేవాడు.

1948 సెప్టెంబర్ తర్వాత రాజ్యం మారింది, భాష మెల్లగా మారింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఆఫీసు కొత్త బిల్డింగుకు వెళ్ళింది. అప్పటిదాకా బట్టల దుకాణం పైన అద్దె గదిలో ఉన్న శాఖా గ్రంథాలయం ఈ ఖాళీ కచేరీలోకి వచ్చింది. ఎవరూ రిబ్బను కత్తిరించలేదు. అల్మారాలు ఎడ్ల బండి మీద వచ్చాయని మా నాన్న చెప్పేవాడు. తన భూమి కాగితం తాను చదువుకోలేక తాత నిలబడ్డ వసారాలో, తర్వాత నేను కూర్చుని చందమామ చదివాను. నా మట్టుకు ఈ బిల్డింగు చరిత్ర అంటే అదీ. కమానులు బాగుంటాయి, కాదనను. కమానులు మా జిల్లాలో చాలా ఉన్నాయి.

ఇప్పుడు సార్ల అసలు ఫిర్యాదుకు వస్తాను. మ్యూజియం అనేది పైకి చెప్పే మాట. లోపల ఉన్న బాధ వేరు. "అది లైబ్రరీ ఎక్కడిదయ్యా? సాహిత్యం చదివేవాడు ఒక్కడు రాడు. అందరూ పోటీ పరీక్షల పిల్లలే. వాళ్ళ పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుంటరు, మన అల్మారా తెరిచి చూడరు. ఫ్రీ స్టడీ హాలు అయింది" అంటారు. వాళ్ళ దృష్టిలో లైబ్రరీ ఎప్పుడో చచ్చిపోయింది, శవాన్ని కాంప్లెక్సుకు మార్చినా ఒకటే.

నేను సరిగ్గా దీనికి ఎదురు చెప్పాలనుకుంటున్నాను. ఆ పోటీ పరీక్షల పిల్లలే మన గ్రంథాలయోద్యమానికి అసలు వారసులు. మాట పెద్దగా అనిపిస్తుంది గాని, ఆ ఉద్యమం ఎలా మొదలైందో చూస్తే నాకు ఇంకోలా తోచదు.

1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారింట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వెనక నిలబడ్డారు. 1904 జనవరి 26న మన హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం. మరుసటి ఏడు సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం. తర్వాత వరంగల్లో శబ్దానుశాసనాంధ్ర భాషా నిలయం. (కాకతీయుల రాజధానిలో మొదటి లైబ్రరీకి గణపతిదేవుడి పేరో రుద్రమ పేరో పెట్టకుండా రాజమహేంద్రవరం రాజు పేరు ఎందుకు పెట్టారని నాకు చిన్నప్పుడు రోషంగా ఉండేది. నన్నయతో భారతం మొదలుపెట్టించిన రాజు అని తెలిశాక కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు.)

సరే, ఈ లైబ్రరీల వాళ్ళు ఏం చదివించాలనుకున్నారు? ఇక్కడే సార్లు మర్చిపోతున్న సంగతి ఉంది. భాషా నిలయం పెట్టిన పెద్దలే 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. వాళ్ళు వేసిన మొదటి పుస్తకం ప్రబంధం కాదు, శతకం కాదు. అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. తర్వాత హిందూదేశ చరిత్ర, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, అర్థశాస్త్రం. ఇవాళ కోచింగ్ సెంటర్ బోర్డు మీద వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు ఉంటుంది: జనరల్ స్టడీస్. అప్పటి పెద్దలకు సాహిత్యం మీద ప్రేమ లేక కాదు. లోకం సంగతి తెలుగులో తెలియకపోతే తెలుగువాడు కచేరీ బయటే నిలబడి ఉంటాడని వాళ్ళకు తెలుసు.

1921 నవంబర్ సంగతి ఇంకా బాగా తెలిసిందే. హైదరాబాదు వివేకవర్ధని పాఠశాలలో సంఘసంస్కరణ సభ జరుగుతుంటే ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోయారు. సభలో గోల చేసి, ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంతోనే నవంబర్ 12న ఆంధ్ర జనసంఘం పుట్టింది. సంఘం పెట్టుకున్న పనుల్లో ముందున్నవి గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు. మాడపాటి హనుమంతరావు లాంటివాళ్ళు ఊళ్ళు పట్టుకుని తిరిగింది వాటి కోసమే. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 అనే నిజాం ఉత్తర్వు ఉన్న రోజులవి. కాబట్టి లైబ్రరీ వార్షికోత్సవమే నలుగురూ కలిసి నాలుగు మాటలు మాట్లాడుకునే సందు అయింది. 1922లో ఇనుగుర్తి లాంటి పల్లెటూరి నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక నడిపితే, అది చదివే జనం ఎక్కడున్నారు? ఇలాంటి గదుల్లోనే. ఆ గదుల్లోంచే 1930 జోగిపేట ఆంధ్ర మహాసభ దాకా దారి పడింది.

వట్టికోట ఆళ్వారుస్వామి సంగతి చూడండి. పెద్ద చదువులు లేవు. హోటల్లో సర్వరుగా పనిచేసిన మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయన దగ్గర పుస్తకం కొన్నవాడు రసాస్వాదన కోసమే కొన్నాడని నేననుకోను. దొర ముందు, పట్వారీ ముందు, ఆఫీసులో బల్ల అవతల కూర్చున్నవాడి ముందు నోరు పెగలడానికి కొన్నాడు.

మా లైబ్రరీ వసారాలో పొద్దున ఎనిమిదింటికి చాపలు పరుచుకునే పిల్లలు ఎందుకొస్తున్నారు? అదే బల్లకు అవతలి పక్కన కూర్చోవడానికి. గ్రూప్-2, గ్రూప్-4, కానిస్టేబుల్, డీఎస్సీ. ఉద్యోగం కోసం చదవడం చదువు కాదన్నట్టు మాట్లాడతాం గాని, మనకు పాఠం చెప్పిన సార్లు కూడా ఒకప్పుడు ఏదో ఒక సెలెక్షన్ కోసం రాత్రుళ్ళు చదివినవాళ్ళే కదా.

మొన్న దసరా ముందు ఒక సాయంత్రం పేపర్ చూద్దామని వెళ్ళాను. వసారా చివరి కమాను దగ్గర ఒక అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుని, తెలుగు అకాడమీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని గొణుక్కుంటోంది. పుస్తకం అట్ట ఊడిపోతే అట్టపెట్టె ముక్కతో కుట్టుకుంది. మార్జిన్ల నిండా ఎర్ర పెన్ను, నీలం పెన్ను. చెవి పెట్టి వింటే సంవత్సరాలు.

"ఏం పాఠం బిడ్డా?" అన్నాను.

"గ్రంథాలయోద్యమం సార్. భాషా నిలయం 1901, హనుమకొండది 1904, సికింద్రాబాద్‌ది 1905. నాకు ఈ మూడు ఎప్పుడూ తారుమారైతయి. జతపరచండి అని ఇస్తే పోతది."

"హనుమకొండది చూసినవా?"

కళ్ళు పెద్దవి చేసింది. "అది ఇంకా ఉన్నదా సార్?"

ఉందని చెప్పాను. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి, పెన్ను తీసి 1904 పక్కన ఏదో రాసుకుంది. అన్నట్టు, ఆ అమ్మాయి వాళ్ళ ఇంట్లో అందరికంటే ముందు డిగ్రీ దాటింది. ఇల్లు ఒకటే గది. అన్నావదినలు, చిన్నపిల్లలు, టీవీ. నెలకు డబ్బు కట్టి కూర్చునే ప్రైవేటు స్టడీ హాల్ బస్టాండు వెనక సందులో ఉంది గాని, అక్కడికి పంపరు. "లైబ్రరీకి పోతున్న" అంటే మాత్రం ఇంట్లో ఎవరూ మారు మాట్లాడరట. సర్కారు బోర్డు ఉన్న పాత బిల్డింగు, ఊరి నడిబొడ్డున, రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనిపించే వసారా. ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి తండ్రికి కావలసిన ధైర్యమంతా ఆ వసారాలో ఉంది. కాంప్లెక్సు రెండో అంతస్తులో, మెట్ల కింద వైన్ షాపు పర్మిట్ రూమ్ పెట్టుకుని, ఆ ధైర్యం ఎక్కడినుంచి తెస్తారు? నమూనా బొమ్మ గీసినాయనకు ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో.

ఇక బిల్డింగు పాడైపోతోంది, పిల్లలు పాడు చేస్తున్నారు అనే మాట. పాడైపోతున్న మాట నిజం. పిల్లల వల్ల కాదు. ఆ గోడలు డంగుసున్నంతో కట్టినవి. గానుగలో ఇసుక, సున్నం నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపి వాడేవాళ్ళు. సున్నపు గోడ నేలలోంచి లాగిన చెమ్మను గాలికి వదిలేస్తుంది. కొన్నేళ్ళ కింద మరమ్మతు పేరుతో లోపలి గోడలకు నడుమెత్తు దాకా సిమెంటు ప్లాస్టరింగు చేసి, పైన ఆయిల్ పెయింట్ కొట్టారు. చూడ్డానికి నున్నగా వచ్చింది. చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయింది. అది గోడలోనే పైకి పాకి, సిమెంటు పట్టీ ఎక్కడ అయిపోయిందో సరిగ్గా అక్కడ ఉప్పు పొంగి పొరలు పొరలుగా రాలుతోంది. ఉత్తరం గోడకు ఆనించిన అల్మారాకు చెదలు పట్టింది ఆ తర్వాతే. కింది అరలో ఉన్న పాత పత్రికల బైండింగులు తీయబోతే చేతిలో సగమే వచ్చాయి. ఆ సిమెంటు చెక్కించి మళ్ళీ సున్నం పూయించాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు వరంగల్ వైపు గుళ్ళ మరమ్మతుల్లో ఇంకా దొరుకుతారు. గడ్డి నాటి గొలుసు కట్టినందువల్ల చెమ్మ ఆగదు. పైగా మ్యూజియం అంటే రోజూ కిటికీలు తెరిచేవాడు ఉండడు. ప్రారంభం రోజు ఒకసారి, పై అధికారి వచ్చినప్పుడు ఒకసారి తెరుస్తారు. పాత ఇంటికి మనుషుల అలికిడి లేకపోతే ఏమవుతుందో మన పల్లెల్లో తాళాలు పడ్డ గడీలను చూస్తే తెలుస్తుంది.

సార్లు చెప్పినదాంట్లో ఒక మాట మాత్రం నేను ఒప్పుకుంటాను. అల్మారాలు ఎవరూ తెరవడం లేదు. కాని తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? పుస్తకం పోతే లైబ్రేరియన్ జీతంలోంచి రాబడతారనే భయం మన లైబ్రరీల్లో పాతదే. అందుకే మంచి పుస్తకాలన్నీ అద్దాల వెనక తాళంలో ఉంటాయి. మా దగ్గర పర్మనెంట్ లైబ్రేరియన్ రిటైరయ్యాక కొత్తవారు రాలేదు. ఇన్‌చార్జి ఆయనకు ఇంకో రెండు మూడు ఊళ్ళు ఉన్నాయి. తలుపు తీసే కుర్రాడి దగ్గర తలుపు తాళమే ఉంటుంది. పుస్తకాలున్నది వాడుకోవడానికి అని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే రంగనాథన్ 1931లో తన పంచసూత్రాల్లో మొదటిదిగా రాశారు. తొంభై ఏళ్ళు దాటాయి. పిల్లలు సాహిత్యం చదవడం లేదని తిట్టే ముందు, వాళ్ళ చేతికి అందేట్టు ఒక్క అరైనా తెరిచి పెట్టామా? చాపల పక్కన ఒక బల్ల మీద చాసోనో, దాశరథినో, ఆళ్వారుస్వామినో ఊరికే పెట్టి చూడండి. మాక్ టెస్టుకూ మాక్ టెస్టుకూ మధ్య అలసిపోయిన పిల్ల ఏదో ఒక రోజు తీసి తిరగేయదని ఎలా చెప్తాం? సిలబస్‌లో రచయిత పేరు, పుట్టిన ఊరు, పుస్తకం పేరు జతపరిచే పిల్లలే కదా వీళ్ళు. పుస్తకం కంటికి కనపడితే చాలు.

డబ్బు లేదంటారా? మన ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం పెట్టిన పన్ను అది. ఇప్పుడు ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. రెండు వేలు ఇంటిపన్ను కట్టే ఇల్లు లైబ్రరీకి 160 రూపాయలు కడుతున్నట్టు. ఊళ్ళో చాలామందికి ఈ సంగతే తెలియదు. తెలియకుండానే ఏటా కడుతున్నాం. వసూలు చేసేది మున్సిపాలిటీ, పంచాయతీ. అందాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. ఆ మధ్యలో డబ్బు ఆగిపోవడం, బకాయిలు పేరుకుపోవడం రాష్ట్రమంతా ఉన్న గోలే. మా ఊరి నుంచి ఎంత వసూలైంది, ఎంత అటు చేరింది అని ఇంతవరకు ఎవరూ సమాచార హక్కు కింద కూడా అడగలేదు. మ్యూజియం కోసం అన్ని సంతకాలు కూడగట్టిన ఊరికి ఇది పెద్ద పనేం కాదు.

ఇంకో చిన్న విషయం. చిన్నదని నేనంటున్నాను గాని, ఆ పిల్లలకు ఇదే అన్నిటికన్నా పెద్దది. లైబ్రరీ పొద్దున పదకొండింటికి మూసి మళ్ళీ సాయంత్రం నాలుగింటికి తీస్తారు. మధ్యలో ఆ పిల్లలు బస్టాండు బెంచీల మీద కూర్చుంటారు. బస్సు కోసం కాదని కండక్టర్లకు కూడా తెలుసు. వెనక ఉన్న బాత్రూముకు తాళం. ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేస్తున్నారు. హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నిండా కూర్చున్నవాళ్ళలో మా జిల్లాల పిల్లలే ఎంతమందో. ఇక్కడ పదకొండుకు బయటికి పంపేస్తే, అప్పు చేసి అక్కడ హాస్టల్లో పడి చదువుతున్నారు. అక్కడికి వెళ్ళలేని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆ బస్టాండు బెంచీ మీదే ఆగిపోతున్నారు.

కాబట్టి సార్లూ, కాగితం మార్చి తెస్తే మొదటి సంతకం నాదే. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచాలని, బాత్రూము తాళం తీయాలని, లైబ్రేరియన్ కావాలని, సిమెంటు చెక్కి సున్నం పూయాలని, పన్ను లెక్క చెప్పాలని రాయండి. మీకు మ్యూజియం కావాలంటే అదీ వద్దనను. పెద్ద గది వెనక పాత రికార్డు గది ఉంది. కచేరీ వెళ్ళిపోయినప్పుడు వదిలేసిన ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్కల) సంవత్సరాల దస్త్రాలు, ఉర్దూ రిజిస్టర్లు కొన్ని ఇంకా అందులో ఉన్నాయంటారు. వాటిని దులిపి, ఉర్దూ చదవగలిగిన పెద్దమనిషిని ఎవరినైనా కూర్చోబెట్టి, ఏ కాగితంలో ఏముందో తెలుగులో రాయించి గోడకు పెట్టండి. మా తాత చెలక తగాదా ఏమైందో నాకూ తెలుస్తుంది. కాకపోతే ఆ గది తాళం ఎవరి దగ్గరుందో ముందు తేలాలి. లైబ్రరీ వాళ్ళను అడిగితే రెవెన్యూ వాళ్ళ దగ్గరుందంటారు, రెవెన్యూ వాళ్ళను అడిగితే లైబ్రరీ వాళ్ళ దగ్గరే ఉందంటారు.